ఏనుగెక్కిన లండన్ మంత్రి: 18వ శతాబ్దపు వ్యంగ్య ముద్రాచిత్రాల్లో ప్రాచ్యదేశపు వేషం

1783 డిసెంబర్ 5 తేదీతో లండన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అచ్చుబొమ్మలో బ్రిటిష్ విదేశాంగ మంత్రి చార్లెస్ జేమ్స్ ఫాక్స్ తలపాగా చుట్టుకుని ఏనుగు మీద ఊరేగుతూ కనిపిస్తాడు. ఆ ఏనుగు ముఖం మాత్రం మనిషి ముఖం. ఫాక్స్‌తో చేతులు కలిపి మంత్రివర్గాన్ని నిలబెట్టిన లార్డ్ నార్త్‌ది అని చూసినవారెవరైనా చెప్పగలిగినంత స్పష్టంగా చిత్రకారుడు దాన్ని గీశాడు. ఊరేగింపు ముందు ఫాక్స్ పక్షపు పార్లమెంటు వక్త ఎడ్మండ్ బర్క్ బూర ఊదుతూ నడుస్తున్నాడు. అతని దగ్గర బెంగాల్ పటం వేలాడుతోంది. వెనక కనిపించేది లెడెన్‌హాల్ వీధిలోని ఈస్టిండియా కంపెనీ కార్యాలయం. దాని చిమ్నీ మీద ఒక అపశకునపు పక్షి కూర్చుని ఉంది. ఫాక్స్ జెండా మీద మొదట రాసి ఉన్న ‘ప్రజల మనిషి’ అనే మాటను కొట్టేసి, ఆ చోట గ్రీకులో ‘రాజాధిరాజు’ అని రాశారు. చిత్రం పేరు ‘కార్లో ఖాన్ లెడెన్‌హాల్ వీధిలోకి విజయప్రవేశం’, గీసినవాడు జేమ్స్ సేయర్స్.

ఈ బొమ్మకు కారణమైనది ఫాక్స్ 1783 నవంబర్‌లో ప్రవేశపెట్టిన ఇండియా బిల్లు. కంపెనీ ఆధీనంలోని భారత భూభాగాల పాలనను ఏడుగురు కమిషనర్లకు నాలుగేళ్ల పాటు అప్పగించాలని బిల్లు ప్రతిపాదించింది. ఆ ఏడుగురూ ఫాక్స్, నార్త్ వర్గాల మనుషులే కావడంతో, కంపెనీ ఉద్యోగాలూ సొమ్మూ చేతిలో పెట్టుకుని ఫాక్స్ రాజును మించిన రాజవుతాడన్న భయాన్ని ప్రత్యర్థులు రేపారు. డిసెంబర్ 8న కామన్స్ సభ 208 ఓట్లకు 102 ఓట్లతో బిల్లును ఆమోదించింది. దానికి ఓటు వేసినవాడిని తన శత్రువుగానే చూస్తానని మూడో జార్జి రాజు కబురు పంపడంతో డిసెంబర్ 17న లార్డ్స్ సభ తిరస్కరించింది. మర్నాడు రాత్రే మంత్రివర్గానికి ఉద్వాసన జరిగింది. పార్లమెంటు చర్చల కంటే, పత్రికల రాతల కంటే సేయర్స్ బొమ్మలే తనకు ఎక్కువ చేటు చేశాయని ఫాక్స్ అన్నట్టు చెప్పుకుంటారు. తర్వాత అధికారంలోకి వచ్చిన పిట్ ప్రభుత్వం సేయర్స్‌కు ఎక్స్‌చెకర్ కోర్టులో ఒక కొలువు ఇచ్చింది కనుక, ఆ బొమ్మల విలువ అవతలి పక్షానికీ తెలుసునన్నమాట.

రాయలవారు పెద్దనకు చేయూతనిచ్చి తన మదగజం మీదికి ఎక్కించుకున్నాడని చదివి పెరిగిన తెలుగు పాఠకుడికి ఏనుగెక్కడం అంటే సన్మానం. సేయర్స్ బొమ్మలో అదే నేరారోపణ. యూరప్ చిత్రకళలో ఏనుగులతో కూడిన విజయయాత్రకు పాత చరిత్ర ఉంది. అలెగ్జాండర్ బాబిలోన్ ప్రవేశాన్ని ఫ్రెంచి చిత్రకారుడు లెబ్రన్ 17వ శతాబ్దంలో ఏనుగులు లాగే రథంతో వేశాడు. దాని ముద్రణ ప్రతులు యూరప్ అంతటా తిరిగాయి. తూర్పును జయించిన వీరుడు తూర్పు రాజుల ఆర్భాటానికి తానే లొంగిపోయాడన్న అనుమానం అలెగ్జాండర్ కథలో మొదటినుంచీ ఉన్నదే. సేయర్స్ ఆ అనుమానాన్ని తీసుకువచ్చి ఫాక్స్ మీద పెట్టాడు. జెండా మీది గ్రీకు బిరుదు కూడా ఊరికే వేసింది కాదు. గ్రీకులు పర్షియన్ చక్రవర్తులను పిలిచిన బిరుదు అది. ఇంగ్లిష్ స్వేచ్ఛ గురించి మాట్లాడే నాయకుడు లోపల పారశీక చక్రవర్తి అని ఆ కొట్టివేతతో తేలిపోతుంది. చదువుకున్న ప్రేక్షకుడికి గ్రీకు, చదువురాని ప్రేక్షకుడికి తలపాగా, ఏనుగు. ఇద్దరికీ ఒకే అర్థం అందుతుంది.

ఇక్కడ గమనించవలసింది, బొమ్మలో బెంగాల్ పటం ఉన్నా బెంగాలీ ఒక్కడూ ముఖ్యపాత్రగా లేకపోవడం. నాటి లండన్ వ్యంగ్య ముద్రాచిత్రాల్లో భారతదేశం కనిపించే తీరును నిర్ణయించినది ఈ లోటే. ఏనుగు, ఒంటె, తలపాగా, వజ్రం, రూపాయల సంచి వంటి ప్రతీకలు ఆ దేశం గురించి ఏమీ చెప్పవు. ఇంగ్లండ్‌లో ఒక రాజకీయ నాయకుడు మరొకరి మీద మోపే నేరానికి అవి దుస్తులు మాత్రమే. పరదేశపు వింతదనం అనేది ఈ చిత్రాల్లో కుతూహలం నుంచి పుట్టిందనుకుంటే పొరపాటు. చిత్రకారుడికి భారతదేశం తెలుసుకోవాలన్న తొందర లేదు. అతని తొందర వేరే.

ఆ తొందర పని పద్ధతిలోనే ఉంది. రాగి రేకు మీద ఉలితో గీతలు చెక్కే పాత పద్ధతిలో మంచి చిత్రానికి వారాలు, నెలలు పట్టేది. ఎచింగ్‌లో రేకుకు మైనపు పూత పూసి, సూదితో పూతను గీకి, నత్రికామ్లంలో ముంచితే గీత పడిన చోట రాగి తినబడి సిరా పట్టే గాడి ఏర్పడుతుంది. కలంతో కాగితం మీద గీసినంత వేగంగా పని సాగుతుంది. అచ్చులో బొమ్మ కుడి ఎడమలు తారుమారవుతాయి కనుక అక్షరాలను మాత్రం అద్దంలో చూసినట్టు తిరగరాయాలి. ఈ వారం పార్లమెంటులో జరిగింది వచ్చే వారానికి కిటికీలో వేలాడాలంటే ఇదే దారి. చిత్రకారుడు హోగార్త్ చొరవతో 1735లో వచ్చిన చట్టం ప్రకారం హక్కు దక్కాలంటే ప్రచురణ తేదీ రేకు మీదే చెక్కాలి. ఆ నిబంధన వల్లే ఈనాడు ఈ బొమ్మలను రోజుతో సహా గుర్తించగలుగుతున్నాం. చేతితో రంగులద్దిన ప్రతులు ఖరీదైనవి, మామూలు జనం కొనగలిగేవి కావు. అయితే దుకాణం కిటికీ ముందు నిలబడి చూడడానికి డబ్బు అక్కరలేదు. అంత తక్కువ వ్యవధిలో, అంత చిన్న రేకు మీద, నిలబడి చూసి నవ్వి వెళ్లిపోయే గుంపు కోసం గీసే మనిషికి కొత్త ప్రతీకలు కనిపెట్టే తీరిక ఉండదు. సిద్ధంగా ఉన్నవాటినే తీసుకోవాలి.

సిద్ధంగా ఉన్నవి ఎక్కడివంటే, ఎక్కువభాగం గంభీరమైన కళ నుంచి వచ్చినవే. 1593లో వెలువడి, 1603 నుంచి బొమ్మలతో అచ్చయిన చెజరె రీపా ప్రతీకల నిఘంటువు యూరప్ చిత్రకారులకు రెండు శతాబ్దాలపాటు చేతిపుస్తకంగా ఉంది. నాలుగు ఖండాలను నలుగురు స్త్రీలుగా చూపించిన రీపా, ఆసియాకు రత్నాల దుస్తులు, చేతిలో ధూపపాత్ర, వెనక ఒంటె ఇచ్చాడు. ఏనుగు అతని లెక్కలో ఆఫ్రికాకు చెందింది. ఆ స్త్రీ తల మీద ఏనుగు తల తొడుగు ఉంటుంది. అంటే 18వ శతాబ్దపు చిత్రకారుడు ఇండియాకు ఒంటెనూ ఏనుగునూ ఇష్టం వచ్చినట్టు వాడుకుంటున్నాడంటే, భూగోళశాస్త్రం కంటే ఈ నిఘంటువులోని సర్దుబాట్లే అతనికి దగ్గరివి. కంపెనీ కూడా ఇదే భాష మాట్లాడింది. 1778లో స్పిరిడియోనె రోమా అనే చిత్రకారుడు లెడెన్‌హాల్ వీధి కార్యాలయం పైకప్పుకు వేసిన చిత్రంలో ఎత్తైన చోట కూర్చున్న బ్రిటానియాకు, అంటే స్త్రీ రూపంలోని బ్రిటన్‌కు, ఇండియా ముత్యాలనూ రత్నాలనూ, చైనా పింగాణీనీ తేయాకునూ తమంతట తామే తెచ్చి ఇస్తున్నట్టు ఉంటుంది. ఎవరి చేతిలోనూ కత్తి లేదు, ఎవరి ముఖంలోనూ బాధ లేదు. వ్యంగ్య చిత్రకారుడు చేసిందల్లా ఈ నైవేద్యాన్ని లంచంగా, ఈ రత్నాలను దోపిడీ సొమ్ముగా తిప్పి చూపించడమే. దానికి కొత్త వస్తువులు అవసరం కాలేదు, ఉన్నవాటినే చేతులు మార్చితే సరిపోయింది.

ఈ చేతుల మార్పిడి ఎంత తేలికో వారెన్ హేస్టింగ్స్ మీద లండన్ వ్యంగ్య చిత్రకారుడు జేమ్స్ గిల్‌రే వేసిన బొమ్మలు చూస్తే తెలుస్తుంది. బెంగాల్ గవర్నర్ జనరల్‌గా పనిచేసి 1785లో ఇంగ్లండ్ తిరిగివచ్చిన హేస్టింగ్స్ మీద బర్క్ మరుసటి ఏడాది అభియోగాలు పెట్టాడు. 1786 మే 11న వచ్చిన గిల్‌రే చిత్రంలో హేస్టింగ్స్ ‘ఇండియా రక్షకుడు’. తలపాగాతో, రూపాయల సంచులు వేసిన ఒంటె మీద ప్రశాంతంగా సాగిపోతుంటే బర్క్, ఫాక్స్, నార్త్ దారిదోపిడీ దొంగల్లా మీద పడుతున్నారు. అతను డాలు అడ్డుపెట్టుకుని దెబ్బ కాచుకుంటున్నాడు. బెంగాల్‌ను పాలించినవాడికి ఒంటె వాహనం కావడం ఆ ప్రాంతం తెలిసినవారికి నవ్వు తెప్పించవచ్చు. రీపా ఆసియాను గుర్తు చేసుకుంటే ఆ ఒంటె ఎక్కడినుంచి వచ్చిందో అంతుపడుతుంది.

రెండేళ్లు గడవకుండానే అదే గిల్‌రే, అదే తలపాగా, అవే సంచులు. తీర్పు మాత్రం తలకిందులు. 1788 ఫిబ్రవరి 13న వెస్ట్‌మిన్‌స్టర్ హాల్లో హేస్టింగ్స్ విచారణ మొదలైంది. మార్చి 1 తేదీతో వచ్చిన చిత్రంలో అతను డబ్బు సంచులతో లార్డ్స్ సభకు అధ్యక్షత వహించే లార్డ్ ఛాన్సలర్ థర్లో భుజాలెక్కి ఎర్రసముద్రం దాటుతున్నాడు. సముద్రం నెత్తురుది, అందులో భారతీయుల శవాలు తేలుతున్నాయి. మోషే ప్రజలకు దారి ఇచ్చిన సముద్రం బైబిల్ తెలిసిన ప్రేక్షకుడికి వెంటనే తట్టి, విమోచన కథ హత్యకథగా మారిపోతుంది. ప్రతీకల వాడకంలో ఇంత పదునైన బొమ్మ ఆ ఏడాదంతటిలో మరొకటి లేదనిపిస్తుంది. మేలో వచ్చిన మరో చిత్రంలో హేస్టింగ్స్ సింహాసనం మీద కూర్చుని డబ్బు పంచుతుంటే ఇంగ్లండ్ అధికారపెద్దలు వంగి వంగి చేతులు చాస్తారు. నమస్కరించే భంగిమ ఇక్కడ తూర్పు దర్బారుది, నడుములు మాత్రం ఇంగ్లిష్‌వి.

నిజానికి హేస్టింగ్స్ తలపాగా మనిషి కాదు. జాషువా రేనాల్డ్స్ 1760లలో వేసిన తైలవర్ణ చిత్రంలో అతను అచ్చంగా యూరోపియన్ దుస్తుల్లో ఉంటాడు. భారతదేశపు జాడ పక్కనున్న కాగితాల మీది పారశీ ముద్రకే పరిమితం. వ్యంగ్యచిత్రంలో ఆ జాడ ముద్ర దాటి తలకెక్కింది. కంపెనీ కొలువులో డబ్బు గడించి తిరిగివచ్చి, ఎస్టేట్లూ పార్లమెంటు స్థానాలూ కొనుక్కునేవారిని లండన్ జనం నబాబులనేవారు. తూర్పు సంపదతో పాటు తూర్పు నిరంకుశత్వం కూడా ఓడ దిగుతోందన్న భయం ఆ పిలుపులో ఉంది. ఇంగ్లిష్ ముఖాన్ని యథాతథంగా ఉంచి, దాని పైన తలపాగా చుట్టే పద్ధతి ఆ భయానికి సరిగ్గా అమరింది. ముఖం మారిపోతే హాస్యం పోతుంది, తలపాగా లేకపోతే నేరం పోతుంది. ఈ మొత్తం ఏర్పాటులో భారతీయుడికి మిగిలిన చోటు నెత్తుటి సముద్రంలో శవంగా తేలడం. గిల్‌రే జాలితోనే వేసి ఉండవచ్చు, కానీ ఆ శవాలకు పేరు లేదు, ఊరు లేదు. ఉరికంబమెక్కిన నందకుమార్, కాశీ రాజు చైత్‌సింగ్, అవధ్ బేగములు అని బర్క్ ప్రసంగాల్లో వినిపించిన పేర్లేవీ ఆ నీళ్లలో కనిపించవు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. 1791 మేలో టిప్పు సుల్తాన్ మీద యుద్ధంలో శ్రీరంగపట్నం దాకా వెళ్లిన గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ వానలకూ, పశువుల మేత కొరతకూ తట్టుకోలేక ఫిరంగులు ధ్వంసం చేసుకుని వెనుదిరిగాడు. ఆ వార్త లండన్ చేరాక, డిసెంబర్ 6 తేదీతో గిల్‌రే ‘వానాకాలం రాక’ అంటూ వేసిన బొమ్మలో టిప్పు సుల్తాన్ కోటగోడ మీద నిలబడి పారిపోతున్న కారన్‌వాలిస్ మీద మూత్రం పోస్తాడు. మోటు హాస్యమే. అయినా భారతీయ పాలకుడొకడు తన గోడ మీద తాను నిలబడి, తన పని తాను చేస్తున్న అరుదైన చిత్రం ఇది. ఇక్కడా టిప్పు ముఖంలో పోలిక కోసం వెతకడం వృథా. అతను ఎవరైతేనేం, కారన్‌వాలిస్ తడిస్తే చాలు. మరుసటి ఏడాది ఒప్పందంలో టిప్పు సగం రాజ్యం వదులుకోవలసి వచ్చినప్పుడు, ఇంగ్లిష్ పక్షాన పోరాడిన నిజాం వాటాకు కడప ప్రాంతం వచ్చింది. ఆ లెక్కలు ఏ గోడ మీదా కనిపించవు.

చూడకుండానే గీయగలగడం ఈ కళకు లోపం కాదు, పని పరికరం. 1792 సెప్టెంబర్ 14న వచ్చిన గిల్‌రే చిత్రం అందుకు గట్టి ఆధారం. అంతకుముందు మద్రాసు గవర్నరుగా పనిచేసిన లార్డ్ మకార్ట్‌నీ చైనా చక్రవర్తి దగ్గరికి రాయబారిగా బయల్దేరబోతున్నాడు. అతని ఓడలు సెప్టెంబర్ 26న గానీ కదలలేదు. బొమ్మలో మాత్రం అతను అప్పటికే పెకింగ్ దర్బారులో ఒంటి మోకాలి మీద వంగి ఉన్నాడు. వెనక పరివారం నేలకు తలలు ఆనిస్తోంది. తెచ్చిన కానుకలు ఆటబొమ్మ బగ్గీ, మాయాదీపం, కొయ్యగుర్రం, ఎలుకలబోను, చిన్న బెలూన్. చక్రవర్తి లావుగా, దిండుకు ఆనుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని, చులకనగా చూస్తుంటాడు. సరిగ్గా ఏడాదికి, 1793 సెప్టెంబర్ 14న, మకార్ట్‌నీ చక్రవర్తి వేసవి విడిది జెహోల్‌లో చియెన్‌లుంగ్ చక్రవర్తి ముందు ఒంటి మోకాలి మీదే వంగాడు. బ్రిటిష్ వస్తువులతో తమకు పనిలేదని చక్రవర్తి రాజుకు జవాబు రాశాడు. రాజకీయపు అంచనాలో గిల్‌రే ఒక్క అక్షరం తప్పలేదు. కానీ మకార్ట్‌నీ తన దినచర్యలో వర్ణించిన చక్రవర్తి ఎనభై దాటినా అరవై ఏళ్లవాడిలా కనిపించే, ఆరోగ్యంగా హుందాగా ఉన్న వృద్ధుడు. బొమ్మలోని బొజ్జ చైనాది కాదు. కూర్చున్న చోటునుంచి కదలని తూర్పు నిరంకుశుడికి యూరప్ ఎప్పుడో కేటాయించి పెట్టిన బొజ్జ అది. తన దేశపు రాయబారం గురించి అంత సూక్ష్మంగా ఆలోచించగలిగిన మనిషి, ఎదుటి దేశం విషయానికి వచ్చేసరికి అల్మరాలోంచి పాత వేషం తీశాడు.

తెలుగు నేలకు నేరుగా తగిలే ఉదంతం 1786 నాటిది. హైదరాబాద్ నిజాం అలీ ఖాన్ మూడో జార్జికి కానుకగా పంపిన పెద్ద వజ్రం ఆ జూన్‌లో లండన్ చేరి, హేస్టింగ్స్ సమక్షంలో రాజుకు అందింది. సమయం అంతకంటే చెడ్డది ఉండదు. చైత్‌సింగ్ విషయంలో హేస్టింగ్స్ మీది అభియోగాన్ని కామన్స్ సభ జూన్ 13న 119 ఓట్లకు 79 ఓట్లతో నిలబెట్టింది. కనుక వజ్రం నిజాం కానుక కాదనీ, హేస్టింగ్స్ ఇచ్చిన లంచమనీ పుకారు పుట్టింది. ఆ రోజుల్లో రాళ్లు మింగి చూపించే గారడీవాడొకడు లండన్‌లో ప్రదర్శనలిస్తున్నాడు. అతన్ని గుర్తు చేస్తూ చిత్రకారులు రాజును పెద్ద రాళ్లమింగుడుగాడిగా వేశారు. రాజు నోరు తెరిచి ఉంటే హేస్టింగ్స్ అందులోకి వజ్రాలు విసురుతున్నట్టు ఒక బొమ్మ, రాజును తోపుడుబండిలో కూర్చోబెట్టుకుని అతను తోసుకుపోతున్నట్టు మరో బొమ్మ వచ్చాయి. ఏనుగు, ఒంటెలతో పోలిస్తే వజ్రం తెలివైన ప్రతీక. అది తూర్పు నుంచి వచ్చిన వస్తువే, కానీ అవమానం మొత్తం దాన్ని మింగే నోటిదే. గోల్కొండ గనుల వజ్రాల పేరు యూరప్‌లో అంతకు ఒకటిన్నర శతాబ్దం ముందే మారుమోగింది కనుక, రాయి ఎక్కడినుంచి వచ్చిందో రాసి చూపవలసిన అవసరం కూడా లేకపోయింది. కృష్ణ ఒడ్డున కొల్లూరులో మట్టి తవ్వి కడిగిన కూలీల సంగతి ఆ రాయితో పాటు ఓడ ఎక్కలేదు.

ఓడ ఎక్కనిది ఇంకొకటి ఉంది. నిజాంకూ కంపెనీకీ మధ్య అప్పటికి తేలని లెక్కలు పేరుకుపోయి ఉన్నాయి. 1768 ఒప్పందం ప్రకారం ఉత్తర సర్కారులకుగాను కంపెనీ అతనికి ఏటా పేష్కష్, అంటే కప్పం, కట్టాలి. అది బకాయి పడింది. గుంటూరు సర్కారు నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జీవితకాలం వరకు అతనికే ఉండి, తర్వాత కంపెనీకి చెందాలన్నది ఏర్పాటు. 1782లో బసాలత్ జంగ్ చనిపోయినా నిజాం దాన్ని వదలలేదు. వజ్రం ప్రయాణించింది ఈ పేచీ నడుస్తుండగానే. రాజుకు రాజు పంపే కానుక అనే దర్బారు మర్యాదను, కంపెనీ తలమీదుగా ఇంగ్లండ్ రాజుతో నేరుగా మాట కలిపే ప్రయత్నంగా చదవడానికి వీలుంది. హేస్టింగ్స్ నేరం ఒక్కటే చూస్తున్న కంటికి మాత్రం ఆ చదువు తట్టదు. ప్రసిద్ధమైన ఆ రాళ్లమింగుడు బొమ్మల్లో పంపినవాడు లేడు, రాయి, విసిరే చెయ్యి, తెరిచిన నోరు ఉన్నాయి. 1788 సెప్టెంబర్‌లో గుంటూరు కంపెనీ చేతికి వెళ్లింది. బకాయిల లెక్క తేల్చుకోవడానికి నిజాం దూతగా మీర్ ఆలం కలకత్తా ప్రయాణం చేశాడు. ఆ సంప్రదింపులు 1789 జూలైలో కారన్‌వాలిస్ నిజాంకు రాసిన లేఖతో ఒక కొలిక్కి వచ్చాయి. దూత, బకాయిల చిట్టా, చేతులు మారిన సర్కారు: వీటిలో దేనికీ లండన్ వ్యంగ్య చిత్రకారుడి దగ్గర సిద్ధంగా ఉన్న ప్రతీక లేదు.